మోడల్ రాకముందు

బెసెంట్ నగర్‌లో ఇంకా కుక్కలే లేచాయి.
విరిగిన వంతెన దగ్గర వ్యాన్ ఆపి
ఏళుమలై లైట్ స్టాండ్లు దించుతున్నాడు, చప్పుడు కాకుండా,
నిద్రపోతున్న పిల్లల్ని దించినట్టు.

ఏళుమలై అంటే మన ఏడుకొండలే.
సూళ్లూరుపేట నుంచి వచ్చిన కొత్తలో
నేనలాగే పిలిచేదాన్ని.
"ఏడుకొండలూ, కాస్త ఎడమకి."
ఆయన తన ఎడమకి జరిగేవాడు. నాకు కావలసింది నా ఎడమ.
పదకొండేళ్లయింది.
ఇప్పుడు చెప్పకుండానే నా ఎడమకి జరుగుతాడు.

మోడల్ ఇంకా వ్యాన్‌లోనే ఉంది.
జుట్టుకి ఒక గంట, కుచ్చిళ్లకి అరగంట,
జాకెట్టు వదులు వెనక్కి లాగి పట్టడానికి
బట్టలారేసే క్లిప్పులు నాలుగు.
వెలుతురు అంతసేపు ఆగదు.
అందుకని ఆమె నిలబడాల్సిన చోట
ముందు ఆయన నిలబడతాడు.
గళ్ల లుంగీ, భుజాన అరవై వేల కంచిపట్టు
రంగు సరిగ్గా పడుతోందో లేదో చూడ్డానికి.
గడ్డం కింద బూడిదరంగు అట్ట.
మీసం. గాంభీర్యం.
నేను నొక్కుతాను. మీటరు చూస్తాను. మళ్లీ నొక్కుతాను.
రాత్రి ఇంటికెళ్లి, అన్నం తినకముందే
ఆ ఫ్రేములన్నీ చెరిపేస్తాను.
డిస్కులో చోటు ఖరీదు మరి.

పోయిన వారం టీ తాగుతూ అడిగాడు,
గ్లాసులోకి చూస్తూ:
"మనవరాలి బళ్లో ఏదో రాసుకు రమ్మన్నారంట,
తాత ఏం పని చేస్తాడని.
నేను పనిలో ఉన్న ఫోటో ఒకటి ఉంటే..."
"ఒకటేంటి, బోలెడు" అన్నాను.

ఆ రాత్రి పదకొండేళ్లూ వెతికాను.
ఎన్నూరు, పళవేర్కాడు, కాశిమేడు,
మహాబలిపురం దారిలో అద్దె బంగళాలు,
నగలవాళ్లు, చీరలవాళ్లు, ప్రెషర్ కుక్కర్లవాళ్లు.
ఇసుకలో ఒక నీడ దొరికింది, కత్తిరించడం మరిచిపోయింది.
ఫ్రేము అంచున నాలుగు వేళ్లు.
స్టాండు గాలికి పడకుండా దాని మీద వేసిన
ఒక కాలు, చెప్పుతో సహా.
మనిషి లేడు.

రెండున్నరకి
ఒక ముక్కుపుడక ప్రకటనని పెద్దది చేస్తూ పోయాను.
పుడక దాటి, చెంప దాటి, కంటి దాకా.
నల్లగుడ్డులో తెల్లటి చుక్క.
అది లేకపోతే కన్ను చచ్చిన చేప కన్నేనని
ఈ పనిలో మొదటి నెలలోనే నేర్పుతారు.
ఇంకా పెద్దది చేశాను.
చుక్క విప్పారి రిఫ్లెక్టర్ అయింది.
దాని కింద రెండు కాళ్లు,
మోకాళ్ల పైకి మడిచిన గళ్ల లుంగీ.

ఇంకో కన్ను తెరిచాను. ఇంకో పిల్ల, ఇంకో ఏడు, ఇంకో తీరం.
ఉన్నాడు.
నాకు పేరు తెచ్చిన ఆ మొదటి కవర్ పేజీ తెరిచాను.
ఆ కళ్లలో ఏముంది, ఎలా పట్టారు అని
అప్పుడు అందరూ అడిగారు.
నేనేవో చెప్పాను, పెద్ద పెద్ద మాటలు.

ఇవాళ పని అయ్యి, క్లయింటు కారెక్కాక
"అక్కడే ఉండండి" అన్నాను. "ఇది మీ మనవరాలికి."
చేతులు ఏం చేసుకోవాలో తెలియలేదు ఆయనకి.
కాసేపు చూసి
బూడిదరంగు అట్ట తీసి గడ్డం కింద పెట్టుకున్నాడు.
"అదొద్దు."
దించాడు. అలవాటుగా పైకి చూశాడు.
అడయార్ నీళ్ల మీద ఎండ
అప్పటికే సున్నం కొట్టినట్టుంది.
"లైటు పోయిందమ్మా. ఇప్పుడు తీస్తే
ముక్కు నీడ నోట్లో పడుతుంది. సాయంత్రం చూద్దాం."

అని రిఫ్లెక్టర్‌ని పట్టుకుని మెలితిప్పాడు.
మనిషంత చందమామ
మూడు చుట్లు తిరిగి, పళ్లెమంత అయి,
సంచిలోకి దూరింది.
నేను నొక్కాను.

వచ్చి కెమెరా తెర చూశాడు,
కళ్లజోడు లేదు కాబట్టి చేయంత దూరం పెట్టుకుని.
"అర స్టాపు ఎక్కువైంది" అన్నాడు,
సంచి జిప్పు వేస్తూ.